పాత కారు కొనబోయే ముందు

సంతలో ఎద్దును కొనబోయే రైతు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. వయసు అక్కడ తెలుస్తుంది. తరువాత సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కొమ్ములకు పూసిన రంగునూ మెడలోని మువ్వలనూ చూసి బేరం మొదలుపెట్టడు. పాత కారు కొనడం కూడా ఇలాంటి పనే.

మనలో చాలామంది ఇళ్ళలో మూడు నాలుగేళ్ళకొకసారి సామాను కట్టడం, విప్పడం మామూలే. కదిర్కామంలోనూ పక్కనున్న గోరిమేడులోనూ ఉద్యోగుల ఇళ్ళ ముందు ఆగి ఉన్న కార్ల నంబర్లు చదువుకుంటూ వెళ్ళండి. భారతదేశ పటం సగం అక్కడే కనిపిస్తుంది. వాటిలో పదేళ్ళు దాటిన చిన్న కార్లు తక్కువేమీ కాదు. మా ఇంటి ముందు ఉన్నదీ 2011 నాటిదే. దాని స్థానంలో మరొకటి, అది కూడా పాతదే, కొనాలని మా ఇంట్లో ఇప్పుడు రోజూ చర్చ. మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ వస్తుంది. పెద్దలు ధర మాట్లాడుతుంటే మీరు ఎలాగూ కారు చుట్టూ తిరుగుతారు కదా! ఆ తిరిగేదేదో ఏం చూడాలో తెలుసుకుని తిరగండి.

ఒకే ఊళ్ళో స్థిరపడినవారికి తెలిసిన మెకానిక్ ఒకడుంటాడు. కారు ఏదైనా అతను చూసుకుంటాడు. మనకు ప్రతి బదిలీకీ కొత్త మెకానిక్. అందుచేత మన లెక్కలో నమ్మకమైన కారు అంటే ఏ చిన్న ఊళ్ళోనైనా మెకానిక్‌కు చేయి తిరిగినదై ఉండాలి, విడిభాగాలు బజారులో దొరకాలి, కాగితాలు రాష్ట్రం దాటగలగాలి. తక్కిన సొగసులన్నీ ఆ తరువాతే.

మారుతి వ్యాగన్ ఆర్ 1999 నుంచీ, స్విఫ్ట్ 2005 నుంచీ మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. హ్యుందాయ్ వారు మనకు దగ్గరలోనే, శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1998 నుంచి చిన్న కార్లు చేస్తున్నారు. శాంత్రో, ఐ10, గ్రాండ్ ఐ10 అక్కడి నుంచి వచ్చినవే. ఇలాంటి బండ్లు విప్పి బిగించని మెకానిక్ అరుదు. మరోవైపు చెన్నైకి వెళ్ళే దారిలో మరైమలై నగర్‌లో కార్లు చేసిన ఫోర్డ్ సంస్థ, మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. షెవర్లే కార్ల అమ్మకం 2017లోనే ఆగిపోయింది. అవి చెడ్డ కార్లు కావు. నడపడానికి హాయిగా ఉంటాయి, ఇప్పుడు చవగ్గానూ దొరుకుతాయి. కానీ రేపు ఏ కొండ ప్రాంతానికో బదిలీ అయితే ఒక చిన్న భాగం కోసం వారాల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. చవక ధరలో ఆ ఎదురుచూపు కూడా కలిసే ఉంటుంది. డీజిలా పెట్రోలా అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది: ఇల్లు, బడి, ఆఫీసు, బజారు మధ్య తిరిగే కారుకు పెట్రోలు చాలు.

ఏ సంవత్సరపు కారు కొనాలి? ఇక్కడ మూడు తేదీలు గుర్తుపెట్టుకుంటే మేలు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కార్లే అమ్మాలన్న నియమం వచ్చింది. 2022 నుంచి తయారైన కార్లన్నిటిలో ముందు సీట్ల రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. అంతకు ముందు చాలా చిన్న కార్లలో డ్రైవరుకు ఒక్కటే ఉండేది, ఇంకా వెనక్కి వెళ్తే అదీ లేదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే కార్లలో, నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తట్టుకునే రబ్బరు గొట్టాలూ సీళ్ళూ వాడుతున్నారు. డబ్బు సరిపోతే 2022 తరువాతి కారు చూడమని మీ ఇంట్లో చెప్పండి. పాటలు వినిపించే పెద్ద తెర ఉన్న 2018 కారు కంటే, తెర లేకపోయినా రెండు ఎయిర్‌బ్యాగులున్న 2022 కారు మేలని నా అభిప్రాయం.

ఇక పళ్ళు చూసే పని. టైరు పక్క భాగంలో నాలుగంకెల సంఖ్య ఒకటి అచ్చై ఉంటుంది. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో ఆ టైరు తయారైందని అర్థం. కారు ఏ నెలలో తయారైందో ఆర్‌సీలో ఉంటుంది. రెండూ పోల్చండి. కారు 2019ది, మీటరు 28,000 కిలోమీటర్లు చూపిస్తోంది, టైర్లు మాత్రం నాలుగూ 2023వి అనుకుందాం. మంచి టైర్లు మామూలుగా నలభై వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. మరి ఇరవై ఎనిమిది వేలైనా తిరగకుండానే నాలుగూ ఎందుకు మార్చారు? జవాబు ఉండవచ్చు: ఎండలో నిలబెట్టిన బండికి రబ్బరు పగిలి ఉండవచ్చు. మీటరు వెనక్కి తిప్పి ఉండనూ వచ్చు. అప్పుడు బ్రేకు పెడలు మీది రబ్బరు చూడండి, స్టీరింగు చక్రం నున్నగా అరిగిందేమో చూడండి. పెడలు అరిగి, మీటరు లేతగా ఉంటే ఆ రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. పెడలుకు అబద్ధం చెప్పడం రాదు. కంపెనీ సర్వీసు సెంటర్లలో చేయించిన సర్వీసుల చరిత్ర నంబరు చెప్తే అక్కడ దొరుకుతుంది. అమ్మేవారినే వెంటబెట్టుకుని వెళ్ళి అడగడం మర్యాద.

అద్దాల మూలల్లోనూ తయారీ గుర్తులుంటాయి. అన్నిటి మీదా ఒకే సంవత్సరం ఉండి ఒక్క తలుపు అద్దం మీద వేరేది ఉంటే ఆ పక్క ఏదో తగిలిందన్నమాట. ఆ తలుపు రంగును పక్క తలుపుతో ఉదయపు వెలుగులో పోల్చండి.

మన ఊళ్ళో అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది నీరు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంజల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అప్పుడు ఇక్కడున్న పిల్లలకు ఆ నీళ్ళు గుర్తుండే ఉంటాయి. ఆ ఏడాదే సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళూ వాహనాలూ మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2015 డిసెంబరులో కుండపోత, ఈ రెండూ చెన్నైని ముంచాయి. మునిగిన కార్లు మాయమైపోవు. కొన్ని తుక్కుకు పోతాయి. కొన్నిటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, దూరపు ఊళ్ళలో అమ్ముతారు. నీరు దిగిన వైర్లు వెంటనే చెడవు. నెలల తరువాత ఒక రోజు హఠాత్తుగా లైట్లు ఆరిపోతాయి, ఇంజను నిలిచిపోతుంది. అందుకే ఏ కారు చూసినా "ఈ తేదీల్లో ఈ బండి ఏ ఊళ్ళో ఉంది?" అని అడగడం మన హక్కు.

నోటిమాట చాలదు, మీరూ చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. సగం దాకా తెల్లగా, ఆపైన మట్టి రంగుగా గీత ఉంటే నీరు ఎంతవరకు వచ్చిందో అదే చెబుతుంది. బెల్టు తీసి కడిగేవారు తక్కువ. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో చూడండి. సీట్లు బిగించిన బోల్టులు తుప్పు పట్టాయా? కాళ్ళ కింద తివాచీ ఎత్తితే ముక్క వాసన వస్తోందా? కారులో సెంటు వాసన మరీ ఘాటుగా ఉంటే నాకైతే అనుమానమే. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇలాంటి చోటే పనికొస్తుంది.

వరద రాకపోయినా ఉప్పుగాలి ఉంది. సముద్రం మనకు పట్టుమని పది కిలోమీటర్లు లేదు. తీరం ఊళ్ళలో తిరిగిన కారుకు పైన రంగు మెరుస్తున్నా తలుపుల కింది అంచుల్లో, చక్రాల పైన వంపుల లోపల, సైలెన్సరు మీద తుప్పు మొదలవుతుంది. పైపైన ఉన్న గోధుమ రంగు మరక ఫరవాలేదు. వేలితో నొక్కితే పొరలుగా రాలుతుంటే ఆ కారు వద్దు.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మనం వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే, ముందే తిప్పి ఉంచారన్నమాట. మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయవచ్చు. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ ఎంతసేపటికీ ఆగకపోతే చల్లబరిచే నీరు ఇంజను లోపలికి దిగుతోంది. ఆయిలు మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీలా కనిపించినా అదే జబ్బు. ఆ తరువాతి పరీక్ష మెకానిక్‌కు వదిలేయాలి. ఆయనకిచ్చే నాలుగైదు వందలకు వెనకాడకూడదు.

కాగితాల దగ్గరే మనవంటి కుటుంబాలకు అసలు చిక్కు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కారు ఎన్నో యజమాని దగ్గర ఉంది, బీమా ఎప్పటిదాకా ఉంది, బ్యాంకు అప్పు మిగిలి ఉందా అన్నవి తెలుస్తాయి. వేరే రాష్ట్రపు కారును పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతుంది. దానికి పాత చోటి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, కొత్త చోట పన్ను కట్టాలి. యానాం మన తెలుగు ఊరే, కాకినాడ వైపే ఉంది. అయినా అక్కడి పీవై 04 కారు కొని ఆంధ్రప్రదేశ్‌లో స్థిరంగా తిప్పుకోవాలంటే పుదుచ్చేరి సరిహద్దు దాటినట్టే లెక్క. ధర తక్కువని సంబరపడే ముందు ఆ పన్ను కూడా కలిపి కూడాలి.

ఈ తలనొప్పి తగ్గించడానికే 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ అనే నంబర్ల వరుస వచ్చింది. సైనికులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, నాలుగు రాష్ట్రాల్లో కార్యాలయాలున్న కంపెనీల ఉద్యోగులు దీనికి అర్హులు. రాష్ట్రం మారినా నంబరు మారదు, పన్ను రెండేళ్ళకొకసారి కడుతూ పోవచ్చు. మామూలు నంబరున్న కారును బీహెచ్‌కు మార్చుకునే వీలు 2022 డిసెంబరులో ఇచ్చారు. కాబట్టి పాత కారు కొనేవారు కూడా ముందు ఆర్టీఓ కార్యాలయంలో ఈ సంగతి అడిగి, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వాలి.

మరి ఇంటి ముందున్న ముసలి కారు? పదిహేనేళ్ళకు ఆర్‌సీ గడువు తీరుతుంది. తిరిగి నమోదు చేయించే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల బదులు 5,000 అయింది. బండి పరీక్షలో నెగ్గితే ఐదేళ్ళు పొడిగిస్తారు. అమ్మదలిస్తే 29, 30 నంబరు ఫారాల మీద సంతకం పెట్టి తాళాలు ఇచ్చేసి ఊరు మారిపోవడం బదిలీ హడావిడిలో అందరూ చేసే పని. ఒక చోట మా పక్క క్వార్టర్సులోని ఒకాయనకు, కారు అమ్మేసి మూడేళ్ళయ్యాక కూడా ఎవరో చేసిన తప్పులకు చలాన్లు వస్తూనే ఉండేవి. చలానైతే ఫరవాలేదు. చేతులు మారినా పేరు మారని కారు ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో పేరున్న యజమానే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు మారిన ఆర్‌సీని కళ్ళతో చూసేదాకా మీ నాన్నగారో అమ్మగారో వారానికోసారి ఫోను చేసి అడగవలసిందే. గుర్తుచేసే పని మీరు తీసుకోండి.

బీమాలో ఒక మంచి సంగతి ఉంది. క్లెయిము చేయని ఏళ్ళకు వచ్చే రాయితీ, ఐదేళ్ళకు యాభై శాతం దాకా పెరిగేది, కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మినప్పుడు బీమా కంపెనీ నుంచి దాని ఉత్తరం తీసుకుంటే తరువాతి కారుకు వాడుకోవచ్చు. కొన్న కారు బీమాను పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి. అమ్మిన కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను కూడా మూయించాలి. లేకపోతే ఆ కారు టోల్‌గేటు దాటిన ప్రతిసారీ మన ఖాతాలోంచి డబ్బు పోతుంది.