కార్ట్రిడ్జ్‌కు తగిన ఫోనో స్టేజ్: కొనేముందు వేసుకోవలసిన లెక్క

రికార్డు గాడిలో ముల్లు కదిలినప్పుడు పుట్టే విద్యుత్ సంకేతం చాలా బలహీనమైనది కాబట్టి, దానిని నేరుగా యాంప్లిఫయర్‌లోని సీడీ ఇన్‌పుట్‌కు కలిపితే పాట లీలగా మాత్రమే వినిపిస్తుంది. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా సుమారు 2 వోల్టుల సంకేతాన్ని అందిస్తే, ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే కార్ట్రిడ్జ్ నుంచి వెలువడేది కొన్ని మిల్లీవోల్టులు, అంటే వోల్టులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. ఈ తేడాను పూడ్చే భాగమే ఫోనో స్టేజ్. రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి తార స్వరాలను పెంచుతారు గనుక, 1954 నుంచి ప్రమాణంగా నిలిచిన ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం వాటిని తిరిగి సరిచేసే పని కూడా ఇదే చేస్తుంది.

కార్ట్రిడ్జ్‌లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మూవింగ్ మాగ్నెట్ లేదా ఎంఎం రకంలో, ముల్లును మోసే సన్నని కాడ రెండో కొసన చిన్న అయస్కాంతం ఉండి, కదలకుండా బిగించిన తీగచుట్టల మధ్య ఊగుతుంది; ఆ చుట్టల బరువు ముల్లుపై పడదు కాబట్టి తీగను ఎన్ని చుట్లయినా చుట్టవచ్చు, అందువల్ల 3 నుంచి 6 మిల్లీవోల్టుల దాకా సంకేతం వస్తుంది. మూవింగ్ కాయిల్ లేదా ఎంసీ రకంలో తీగచుట్టే కాడతోపాటు కదలాలి. అది తేలికగా ఉండాలంటే చుట్లు తక్కువగా ఉండాలి, చుట్లు తగ్గితే సంకేతం 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టుల దగ్గరే ఆగిపోతుంది.

ఫోనో స్టేజ్ ఈ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో తెలిపేదే గెయిన్, దానిని డెసిబెల్‌లలో చెబుతారు. ప్రతి 20 డెసిబెల్‌లకు వోల్టేజి పదింతలవుతుంది కాబట్టి 40 డెసిబెల్‌లంటే 100 రెట్లు, 60 డెసిబెల్‌లంటే 1000 రెట్లు. చాలా ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్లలో ఎంఎం ఇన్‌పుట్ గెయిన్ 40 డెసిబెల్‌లకు అటూఇటూగా ఉంటుంది. 4 మిల్లీవోల్టులిచ్చే ఆడియో టెక్నికా వీఎం95ఈని దానికి కలిపితే 400 మిల్లీవోల్టులు వస్తాయి, ఇది సరిపోయే స్థాయి. అదే ఇన్‌పుట్‌కు 0.3 మిల్లీవోల్టుల డెనాన్ డీఎల్-103ని కలిపితే 30 మిల్లీవోల్టులే వస్తాయి. అప్పుడు వాల్యూమ్ బాగా పెంచవలసి వచ్చి, పాటతోపాటు ఫోనో స్టేజ్‌లో పుట్టే బుసబుస శబ్దం, కరెంటు లైను వల్ల వచ్చే గుయ్‌మనే రొద కూడా పైకి తేలుతాయి. దీనికి కావలసింది 60 డెసిబెల్‌ల ఎంసీ ఇన్‌పుట్.

పొరపాటు రెండో వైపు జరిగినా నష్టమే. 4 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్‌ను 60 డెసిబెల్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే మామూలు స్థాయిలోనే 4 వోల్టులు తయారవుతాయి. పాట ఉచ్చస్థాయిలో సంకేతం దానికి కొన్ని రెట్లుంటుంది కాబట్టి సర్క్యూట్ తట్టుకోలేక స్వరాలు పగిలిపోతాయి. 1.6 మిల్లీవోల్టులిచ్చే డెనాన్ డీఎల్-110 వంటి అధిక సంకేత ఎంసీలు మధ్యేమార్గం. ఎంఎం ఇన్‌పుట్‌లో శబ్దం కొంత తగ్గినా అవి పనిచేస్తాయి.

యాంప్లిఫయర్ వివరపత్రంలో గెయిన్ రాయకపోయినా లెక్క కట్టవచ్చు. సీడీ వంటివాటిని కలిపే లైన్ ఇన్‌పుట్ సెన్సిటివిటీ, అంటే యాంప్లిఫయర్ పూర్తి శక్తినివ్వడానికి అవసరమైన సంకేతం, 200 మిల్లీవోల్టులుగానూ, ఫోనోది 2.5 మిల్లీవోల్టులుగానూ ఉంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 80 రెట్లు, అంటే సుమారు 38 డెసిబెల్‌లు వస్తుంది.

ఎంఎం ఇన్‌పుట్ మాత్రమే ఉన్నవారు తక్కువ సంకేత ఎంసీ వాడాలంటే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ తోడు కావాలి. 1:10 నిష్పత్తి ట్రాన్స్‌ఫార్మర్ 20 డెసిబెల్‌లు కలుపుతుంది. యాంప్లిఫయర్‌లోని 47,000 ఓమ్‌ల నిరోధం కార్ట్రిడ్జ్‌కు 470 ఓమ్‌లుగా కనిపిస్తుంది, 40 ఓమ్‌ల అంతర నిరోధం గల డీఎల్-103కి అది ఇబ్బంది కాదు. ఎంఎం విషయంలో గెయిన్‌తోపాటు కెపాసిటెన్స్ కూడా చూడాలి. కేబుల్‌ది, ఇన్‌పుట్‌ది కలిపిన మొత్తం కార్ట్రిడ్జ్ తయారీదారు సూచించిన పరిమితిని దాటితే తార స్వరాల సమతూకం చెడుతుంది.

కాబట్టి కొత్త కార్ట్రిడ్జ్ కొనాలనుకునేవారు ధర చూడడానికి ముందు దాని మిల్లీవోల్టులను తమ యాంప్లిఫయర్ గెయిన్ రెట్లతో హెచ్చవేసి చూసుకోవాలి. జవాబు 30, 40 మిల్లీవోల్టుల దగ్గరే ఆగిపోతే, ఖరీదైన ఎంసీ కన్నా అందులో సగం ధర పలికే ఎంఎం ఆ యాంప్లిఫయర్‌లో మెరుగ్గా పాడుతుంది.