సంకల్పానికి దేశకాలాలు

ఏ వ్రతమైనా, ఏ పూజ అయినా సంకల్పంతోనే ఆరంభమవుతుంది. పురోహితుడు కర్త చేత పలికించే ఆ మాటలలో కోరిక చిట్టచివర వస్తుంది. దానికి ముందు సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, కర్త ఉన్న ప్రదేశం, గోత్రం, పేరు, ఇవన్నీ వరుసగా రావలసిందే. అమెరికాలో జరిగే పూజలలో జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని చెప్పించే పురోహితులు కూడ ఉన్నారు. పైకి ఇదొక లాంఛనంగానే తోచవచ్చును. కాని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి స్పష్టపరచిన పిమ్మటనే ఏమి చేయదలచినదీ చెప్పాలన్న ఈ క్రమంలో ఒక మనోవైజ్ఞానిక సత్యం ఇమిడి ఉన్నది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాల మూలంగా చేరుకొన్నదీ ఇంచుమించు ఆ చోటికే.

జనవరి ఒకటవ తేదీన, ఉగాదినాడు ప్రవాసాంధ్రుల ఇళ్ళలో వినిపించే తీర్మానాలు ఇందుకు భిన్నంగా ఉంటాయి. ‘ఈ ఏడు వ్యాయామం చేస్తాను’, ‘కోపం తగ్గించుకొంటాను’, ‘ఊళ్ళో ఉన్న అమ్మకు తరచుగా ఫోను చేస్తాను’ అని అనుకొంటారు. వీటిలో కోరిక ఉన్నది, దేశకాలాలు లేవు. పెన్సిల్వేనియాలోని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ నార్‌క్రాస్ 1980లలో నూతన సంవత్సర తీర్మానాలు చేసుకొన్న 200 మందిని రెండేళ్ళ పాటు పరిశీలించారు. మొదటి వారం నిలబడినవారు నూటికి 77 మంది. రెండేళ్ళు గడిచేసరికి మిగిలినవారు 19 మంది.

దీనికి సాధారణంగా చెప్పుకొనే కారణం మనోబలం లేకపోవడం. బ్రిటనులో జరిగి 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఈ అభిప్రాయాన్ని సవరించింది. విద్యార్థులను మూడు జట్లుగా విభజించి, వారానికి ఒక్కసారైనా ఇరవై నిమిషాలు వ్యాయామం చేస్తారా అని పరిశీలించారు. మొదటి జట్టుకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. వారిలో నూటికి 38 మంది చేశారు. రెండవ జట్టు చేత గుండె జబ్బును గురించి, వ్యాయామం వలన కలిగే మేలును గురించి చదివించారు. వారిలో చేసినవారు 35 మందే! మూడవ జట్టు అదంతా చదవడమే కాక, ఏ రోజున, ఏ వేళకు, ఏ స్థలంలో చేసేదీ కాగితం మీద వ్రాసింది. వారిలో 91 మంది చేశారు. అనగా బోధ ఒక్కటే ఫలించలేదు. బోధకు దేశకాలాలు తోడైనప్పుడు ఫలించింది.

జర్మను శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్విట్జర్ దీనికి కారణం వివరించారు. ‘ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకొన్నప్పుడు, ఆ సమయమే జ్ఞాపకం చేసే గంటగా పనిచేస్తుంది. చేయాలా, మానాలా అన్న తర్జనభర్జనకు తావుండదు. ఇట్టి 94 పరీక్షల ఫలితాలను ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో క్రోడీకరించగా, లక్ష్యసిద్ధికి ఈ పద్ధతి గణనీయంగా తోడ్పడుతుందని తేలింది.

టెక్సస్‌లోని ఇర్వింగ్ నగరవాసులకు దీనికి నిదర్శనం దగ్గరలోనే ఉన్నది. అక్కడి థామస్ జెఫర్సన్ పార్కులో 2014 అక్టోబరు 2న మహాత్మాగాంధీ స్మారకస్థలి ప్రారంభమైంది. దాని స్థాపనకు ముందు నిలిచి పాటుపడినవారిలో తెలుగువారున్నారు. అక్కడ కాంస్యమూర్తిగా నిలచిన ఆ మహనీయుడు 1888లో ఇంగ్లండుకు బయలుదేరేముందు తల్లి కోరికపై మద్యం, మాంసం, పరస్త్రీ సాంగత్యం విడిచిపెడతానని ప్రమాణం చేశాడు. మంచివాడనై ఉంటానని మాత్రమే అనలేదు. దేనిని ముట్టరాదో స్పష్టంగా తెలిసిన ప్రమాణమది. తరువాతి కాలంలో ఆయన పాటించిన మౌనవ్రతం కూడ అట్టిదే. దానికి సోమవారమని నియమం ఉండేది.

అయితే అలవాటు స్థిరపడడానికి ఎంతకాలం పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2009లో వెల్లడించిన పరిశోధనలో 96 మంది పాల్గొన్నారు. భోజనంతో పాటు పండు తినడం వంటి చిన్న పనిని ప్రతిదినం ఒకే సందర్భంలో చేయమన్నారు. అది అప్రయత్నంగా సాగేస్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా కనబడింది. మరొక ఊరట కలిగించే విషయమేమంటే, మధ్యలో ఒకనాడు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. ‘ఒకసారి తప్పింది కదా, ఇక ఎందుకు’ అని వదలివేయడమే అసలు నష్టం.

వ్యాయామం సరే, దయ కూడ ఇట్లా నియమం పెట్టుకొని చేసేదేనా, అది హృదయంలో పుట్టవలసింది కాదా అని సందేహం రావచ్చును. 1973లో ప్రిన్‌స్టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ చేసిన ప్రయోగం దీనికి సమాధానం చెబుతుంది. మతవిద్య అభ్యసించే 40 మంది విద్యార్థులను ఒక్కొక్కరినే మరొక భవనానికి వెళ్ళి ఉపన్యసించమన్నారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉండేటట్లు ఏర్పాటు చేశారు. తీరికగా వెళ్ళినవారిలో నూటికి 63 మంది సాయపడగా, ఆలస్యమైందని తొందరపెట్టినవారిలో ఆగినవారు పదిమందే. కొందరు చెప్పబోయే ఉపన్యాసం, దారిలో గాయపడినవానిని ఆదుకొన్న బాటసారి కథను గురించే! అయినా విషయాన్ని బట్టి చెప్పుకోదగిన తేడా కనబడలేదు. దయకు శత్రువు కఠిన హృదయమే కానక్కరలేదు, తొందర చాలును.

ఉద్యోగం, పిల్లల తరగతులు, రహదారి మీద గంటల ప్రయాణం, ఇవే దినచర్య అయిన కుటుంబాలు ఈ మాటను పట్టించుకోవాలి. అమెరికా స్కౌట్ల ఉద్యమం మంచిపనిని దినచర్యలో భాగం చేసింది. 1909లో లండన్ పొగమంచులో దారితప్పిన విలియం బాయిస్‌కు ఒక బాలుడు దారి చూపి, ఇచ్చిన డబ్బు పుచ్చుకోలేదని ఆ ఉద్యమంలో చెప్పుకొనే కథ. బాయిస్ 1910లో స్థాపించిన ఆ సంస్థ 1979లో తన ప్రధాన కార్యాలయాన్ని ఇర్వింగ్‌కు మార్చింది. దినమునకొక మంచిపని చేయడం అక్కడి పిల్లలకు నియమం. అదే సంస్థ పిల్లలను రక్షించడంలో విఫలమైన ఉదంతాలు వేలకొద్దీ బయటపడి, 2020లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. నియమం మంచిదైనంత మాత్రాన చాలదనీ, పెద్దల జాగరూకత కూడ ఉండాలనీ అది చేసే హెచ్చరిక.

చిన్న సాయంతో ఏమవుతుందిలే అన్న సంకోచానికి కూడ శాస్త్రం సమాధానమిచ్చింది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన ప్రయోగాలలో, ఊరక ఒక కప్పు వేడి చాక్లెట్ పానీయం ఇచ్చినవారు, అది పుచ్చుకొన్నవారికి కలిగే ఆనందాన్ని ఉన్నదానికన్న తక్కువగా అంచనా వేశారు. ఇచ్చేవారు వస్తువును చూస్తారు; పుచ్చుకొనేవారు ఆప్యాయతను చూస్తారు.

స్వదేశం నుంచి కొన్ని నెలలకు వచ్చిన తల్లిదండ్రులు, కారు నడపలేక, పలకరించేవారు లేక పగలంతా అపార్టుమెంట్లలో ఒంటరిగా గడపడం ప్రవాసులు ఎరుగనిది కాదు. ‘పెద్దవారిని ఆదరించాలి’ అనుకొంటే అది కోరిక. ‘శనివారం ఉదయం సరుకులకు బయలుదేరేటప్పుడు పక్కింటివారి తలుపు తట్టి, ఏమైనా కావాలా అని అడుగుతాను’ అనుకొంటే అది సంకల్పం. ‘ఆదివారం కాఫీ త్రాగగానే అమ్మకు ఫోను చేస్తాను’ అన్నదీ అట్టిదే. ‘ఇంటికి చేరిన తరువాత కారు దిగేముందు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా కూర్చుంటాను’ అన్న నియమం పనిలోని విసుగు పిల్లల మీద పడకుండ కాపాడవచ్చును.

ఒక ఏటికి ఇటువంటివి ఒకటి రెండు చాలును. కుటుంబంలోని ప్రతివారు తమ సంకల్పాన్ని స్థలంతో, వేళతో సహా కాగితం మీద వ్రాసి రెఫ్రిజిరేటరు తలుపుకు అంటించుకొనవచ్చును. మరచిన రోజున నిందించుకోనక్కరలేదు. మరునాడు అదే వేళకు మళ్ళీ ఆరంభిస్తే చాలును. పక్కింటి పెద్దాయనకు ఈ ప్రయోగాల సంగతులేవీ తెలియనక్కరలేదు. శనివారం ఉదయం తలుపు చప్పుడవుతుందని తెలిస్తే చాలును.