ఒకే సంక్రాంతికి భీముడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే

గుడివాడలో బందరు రైలెక్కితే నూజెళ్ళ, గుడ్లవల్లేరు దాటాక కవుతరం వస్తుంది. చిన్న స్టేషను. ఇలా ఆగి అలా కదిలిపోతుంది బండి. పాలక్యాన్లతో ఇద్దరు ముగ్గురు, పెళ్ళికో పేరంటానికో వెళ్ళొస్తున్న ఆడవాళ్ళు నలుగురు, అంతే దిగేది. అటూ ఇటూ వరిచేలు, కాలవ గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్లు. ఈ ఊళ్ళో 1935 జులై 25న పుట్టిన కుర్రాడు గుడివాడ కాలేజీలో డిగ్రీ చదివి, నాటకాల పిచ్చితో మద్రాసు రైలెక్కి, అరవై ఏళ్ళ తర్వాత లెక్క చూసుకుంటే 777 సినిమాలు తేలాయి. ఆయనే కైకాల సత్యనారాయణ.

ఈ 777 చిత్రరంగం తరచూ చెప్పుకునే లెక్క. అరవై ఏళ్ళకు భాగిస్తే ఏడాదికి పదమూడు, అంటే నెలకొకటి పైనే. మన డెల్టాలో రైతు ఏడాదికి రెండు పంటలు తీస్తేనే గొప్పగా చెప్పుకుంటాం. లెక్క పెట్టినవాళ్ళ మాట ప్రకారం వాటిలో పౌరాణికాలు 28, జానపదాలు 51, చారిత్రకాలు 9. మిగిలినవన్నీ పంచెలూ ప్యాంట్లూ కట్టిన సాంఘికాలు. కానీ అంకె కంటే నాకు వింతగా తోచేది ఇంకొకటుంది. ఇన్ని సినిమాల్లో దాదాపు దేంట్లోనూ ఆయన హీరో కాదు. తొలి చిత్రం 'సిపాయి కూతురు' (1959)లో జమున పక్కన కథానాయకుడిగా నిలబెట్టారు, అది ఆడలేదు. అక్కడితో ఆ ముచ్చట తీరింది. మరుసటి ఏడాది విఠలాచార్య 'కనకదుర్గ పూజామహిమ'లో ఆయన్ని విలన్‌ని చేశారు. ఆ తలుపు తెరుచుకున్నాక మళ్ళీ మూతపడలేదు.

పోలిక తెచ్చిన అదృష్టం

ఆ రోజుల్లో మద్రాసులో ఆయన్ని చూసినవాళ్ళందరికీ ఎన్టీఆర్ గుర్తొచ్చేవారట. ఒడ్డూ పొడుగూ, భుజాలూ, నిలబడే తీరూ అలాంటివి. ఎన్టీఆర్ కూడా ఆ పోలిక గమనించి, 'అపూర్వ సహస్ర శిరచ్ఛేద చింతామణి' (1960)లో వేషం ఇప్పించారు. ద్విపాత్రాభినయాలున్నప్పుడు రెండో రామారావుగా కెమెరాకు వీపు చూపిస్తూ నిలబడింది చాలాసార్లు ఈయనే. ఇద్దరు ఎన్టీఆర్‌లు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే హాల్లో ఈలలు వేసినవాళ్ళలో ఎంతమందికి తెలుసు, ఆ రెండో వీపు కవుతరం వాళ్ళబ్బాయిదని?

1977

నా దృష్టిలో అసలైన రికార్డు ఇది. ఆ ఏడాది సంక్రాంతికి, జనవరి 14న, రెండు భారతాలు ఒకేరోజు విడుదలయ్యాయి. ఒకటి ఎన్టీఆర్ 'దానవీరశూర కర్ణ'. కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడూ తనే, దర్శకుడూ నిర్మాతా తనే. నాలుగు గంటలకు కొంచెం తక్కువ నిడివి. రెండోది కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన 'కురుక్షేత్రం', కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు. మొదటి దాంట్లో కైకాల భీముడు. రెండో దాంట్లో కైకాల దుర్యోధనుడు. ఒక హాల్లో గద ఎత్తినవాడు, పక్క వీధి హాల్లో ఆ గద దెబ్బకి కూలేవాడు, ఇద్దరూ ఒక్క మనిషే. ఒకే పండగ రోజున భారతంలో బద్ధశత్రువులిద్దరి వేషాలూ కట్టి జనాన్ని ఒప్పించిన నటుడు ఇంకొకరు నాకు తట్టడం లేదు.

చల్లపల్లి పక్కన మా ఊళ్ళో అప్పటికి నూర్పిళ్ళు అయిపోయాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రోజులు. నాన్న మా అందర్నీ బందరు తీసుకెళ్ళి మొదట రామారావు సినిమా చూపించాడు, వారం తిరక్కుండా రెండోది. నాయనమ్మకి చూపు తక్కువ, అందుకని ముందు వరసల్లో కూచుంది. రెండో సినిమాలో దుర్యోధనుడు కిరీటం పెట్టుకుని సభలోకి వచ్చేసరికి మా నాన్న చెయ్యి పట్టుకుంది.

"ఒరే, ఈయన మొన్న భీముడు కదరా?"

"అవునమ్మా, అది వేరే సినిమా."

"వేరే సినిమా అయితే మాత్రం! మొన్న పాండవుల ఉప్పు తిని, ఇవాళ ఇటొస్తాడా?"

మా చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ ఆవిడ సినిమా అయిపోయేదాకా ఆయన్ని క్షమించలేదు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "నడకే మార్చేశాడురా, భీముడు అంగలేసి నడిచాడు, వీడు తల ఎగరేసి నడిచాడు," అంది. నేను తర్వాత చదివిన ఏ సమీక్షలోనూ అంత సూటిగా ఆయన నటన గురించి రాసినవాళ్ళు కనపడలేదు.

ఆ ఏడాది అక్కడితో ఆగలేదు. ఏప్రిల్లో 'అడవి రాముడు' వచ్చింది, అందులో విలన్. అక్టోబరులో తాతినేని రామారావు దర్శకత్వంలో 'యమగోల', అందులో యముడు, పక్కన చిత్రగుప్తుడుగా అల్లు రామలింగయ్య. తాతినేని వారిది కూడా మన కృష్ణాజిల్లా కపిలేశ్వరపురమే. భీముడు, దుర్యోధనుడు, యముడు మూడూ పది నెలల్లోపు.

యమగోల ఇంకా ఊళ్ళల్లో ఆడుతుండగానే నవంబరు 19 వచ్చింది. ఉప్పెన దివిసీమ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు అప్పటిదాకా బయటి ప్రపంచానికి తెలియవు. అధికారికంగా చెప్పిన మరణాలే పదివేల లెక్కలో ఉన్నాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ తదితర సినిమావాళ్ళు జోలె పట్టి వీధుల్లో తిరిగారు. తెర మీద దేవుళ్ళుగా చూసినవాళ్ళు తమ కోసం చెయ్యి చాచడం దివిసీమ జనం మర్చిపోలేదు. మా చుట్టాల్లో కొందరు నాగాయలంక వైపు వాళ్ళు. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో యముడి సినిమా ఊసెత్తలేదు.

యముడంటే ఈయనే

ఎత్తకపోయినా ఆ వేషం ఆయన్ని వదల్లేదు. 'యముడికి మొగుడు' (1988)లో చిరంజీవితో, 'యమలీల' (1994)లో ఆలీతో, పక్కన చిత్రగుప్తుడుగా బ్రహ్మానందం. భయపెట్టాల్సిన దేవుడు భయపెడుతూనే నవ్వించాలి. గదాయుధం భుజాన పెట్టుకుని మీసం దువ్వుతూ గర్జించి, అంతలోనే నరుడి చేతిలో మోసపోయి బిక్కమొహం వెయ్యాలి. ఆ రెండు ముఖాల మధ్య ఆయన కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళయిపోతాయి. ఈసారి టీవీలో 'యమలీల' వచ్చినప్పుడు ఆ ఒక్క క్షణం చూడండి. ఆ మరుసటి ఏడాదే ఎస్వీ కృష్ణారెడ్డి 'ఘటోత్కచుడు' అని ఏకంగా ఆయన పాత్ర పేరే సినిమాకి పెట్టారు. అప్పటికి ఆయనకి దాదాపు అరవై ఏళ్ళు.

ఘటోత్కచుడంటే తెలుగువాళ్ళకి ముందు 'మాయాబజార్' (1957) గుర్తొస్తుంది, ఎస్వీ రంగారావు గుర్తొస్తారు. ఆయన పుట్టింది నూజివీడు, అదీ అప్పటి కృష్ణాజిల్లానే. ఆ సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో చదువుకుని, బందరు నాటక కంపెనీకి నాటకాలు రాసినవారు. 1974లో ఎస్వీఆర్ పోయాక ఆ సైజు వేషాలు ఎవరికివ్వాలన్న బెంగ పడిన దర్శకులకు కైకాల దొరికారు. పోల్చడం అనవసరం. ఒకటి మాత్రం చెప్పాలి. ఎస్వీఆర్‌ని అనుకరించి ఉంటే ఆయన ఏడాదిలో కనుమరుగయ్యేవారు. అనుకరించలేదు.

చెడ్డవాడిగానే మిగిలిపోకుండా చేసిన సినిమాలు కూడా ఉన్నాయి. విశ్వనాథ్ తీసిన 'శారద' (1973)లో చెల్లెలి కోసం కరిగిపోయే అన్న. దాసరి నారాయణరావు మొట్టమొదటి సినిమా 'తాతా మనవడు'లో ఎస్వీ రంగారావుతో కలిసి వేసిన వేషం.

గుడివాడ చుట్టుపక్కల

ఈ నేలలో ఏముందో గానీ, గుడివాడ మధ్యలో పెట్టుకుని చుట్టూ చూస్తే అబ్బురంగా ఉంటుంది. పామర్రు దగ్గర నిమ్మకూరులో ఎన్టీఆర్ (1923 మే 28). నందివాడ వైపు రామాపురంలో అక్కినేని. గుడివాడ పక్కనే చౌటపల్లిలో, ఇద్దరికీ గొంతిచ్చిన ఘంటసాల (1922 డిసెంబరు 4). గుడ్లవల్లేరు దాటితే కవుతరం. తెర మీద పాడే నోరు, వెనక పాడే గొంతు, ఎదురు నిలిచే విలన్, అన్నీ ఒక పూటలో సైకిలు తొక్కి చూసొచ్చే దూరంలో. అక్కినేని నాటకాల్లో ఆడవేషాలు వేస్తూ, విజయవాడ రైల్వే స్టేషన్లో ఘంటసాల బలరామయ్య కంట పడి 'శ్రీ సీతారామ జననం' (1944)లో రాముడయ్యారు. 1966లో 'నవరాత్రి'లో తొమ్మిది వేషాలు వేశారు. గుడివాడ కాలేజీకి విరాళమిచ్చారు, ఆ కాలేజీకి ఇప్పుడు ఆయన పేరే. కైకాల చదివింది ఆ కాలేజీలోనే.

ఇంకో చిత్రం. స్కాట్లాండులో ఎడిన్‌బరోలో ఒక పేద కుర్రాడు ఇంటింటికీ పాలు పోసేవాడు. ఇక్కడ విజయవాడలో నిమ్మకూరు కుర్రాడు హోటళ్ళకి పాలు పోసేవాడు. మొదటివాడు షాన్ కానరీ, ఏడుసార్లు జేమ్స్‌బాండ్ అయ్యాడు. రెండోవాడు ఎన్టీఆర్, పదిహేడు సినిమాల్లో కృష్ణుడని చెప్పుకుంటారు. పాలమ్మినవాడు గోపాలుడు కావడం కంటే అందమైన విశేషం ఏముంటుంది? మధ్యలో ప్రత్తిపాడు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వచ్చింది, మూడు వారాలకే వదిలేశారు. ఇక ఓట్ల లెక్క. 1983లో గుడివాడ, తిరుపతి రెండుచోట్లా నిలబడి రెండుచోట్లా గెలిచారు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడుచోట్లా గెలిచారు. రెండుసార్లూ గుడివాడని వదులుకోవాల్సి వచ్చింది. గుడివాడ వాళ్ళు అలిగినట్టు మాత్రం వినలేదు.

బందరు బాకీ

కైకాల 1996లో మచిలీపట్నం (బందరు) నుంచి తెలుగుదేశం తరఫున లోక్‌సభకి గెలిచారు. ఆ సభ రెండేళ్ళు కూడా నడవలేదు, 1998లో ఆయన ఓడిపోయారు. రాజకీయం ఆయన జీవితంలో ఒక పక్క వేషం, దాని గురించి ఇంతకంటే చెప్పుకోనక్కర్లేదు. బందరుతో ఆయనకున్న గొప్ప బంధం ఇంకొకటి. 1869లో బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసు వెళ్ళి ఫొటో స్టూడియో పెట్టారు. 1909 ప్రాంతంలో ఆ స్టూడియో తాకట్టు పెట్టి, బొమ్మతో పాటు శబ్దం కూడా వినిపించే క్రోనోమెగాఫోను అనే యంత్రం కొన్నారు. ఊరూరా డేరాలు వేసి బొమ్మలాడించారు, మద్రాసులో గెయిటీ హాలు కట్టారు, కొడుకు ప్రకాష్ చేత 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. ఆ మహానుభావుడి పేరున ఇచ్చే పురస్కారం 2011కి కైకాలను వరించింది. బందరు పుట్టించిన సినిమా పెద్ద చేతి నుంచి బందరు పంపిన పార్లమెంటు సభ్యుడికి అందినట్టు. 2017లో ఫిలింఫేర్ జీవన సాఫల్య పురస్కారం కూడా వచ్చింది. పద్మ పురస్కారం మాత్రం రాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తెలుగు సినిమాను అరవై ఏళ్ళు భుజాన మోసిన మనిషి ఢిల్లీ కంటికి ఎందుకానలేదో!

అదే 1935లో, అదే జిల్లాలో ఇంకో సత్యనారాయణ పుట్టారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ. ఈయన మీసం దువ్వి యముడైతే, ఆయన జడ వేసుకుని సత్యభామ. మగవాడన్న అనుమానం ఎవరికీ రానంత సత్యభామ. ఆయనకి పద్మశ్రీ 1970లోనే వచ్చింది. బందరు బస్సులో గంట ప్రయాణంలో ఒకే పేరు, ఒకే ఈడు, ఒకరు గద, ఒకరు జడ.

కైకాల 2022 డిసెంబరు 23న హైదరాబాదులో కన్నుమూశారు. ఎనభై ఏడేళ్ళు. ఆ పొద్దున మా ఊరి సెంటర్లో టీ కొట్టు దగ్గర టీవీ చూస్తూ పదిమందిమి నిలబడ్డాం. టీ పోసే అబ్బాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి, "యముడు పోయాడండీ," అన్నాడు. రిటైరైన మాస్టారు తల అడ్డంగా ఊపి, "శారదలో అన్న," అన్నారు. ఇంకెవరో ఘటోత్కచుడన్నారు, ఇంకెవరో ఏదో జానపదంలో సేనాపతి అన్నారు, పేరు గుర్తుకు రాలేదు. మా నాయనమ్మ ఉండి ఉంటే భీముడనేది. గ్లాసులు కడిగి బోర్లించేదాకా ఒక్క వేషం కూడా రెండోసారి వినపడలేదు.