బ్రాడ్‌కాస్ట్‌లో విత్తనాలెందుకున్నాయి?

బ్రాడ్ అంటే వెడల్పు, కాస్ట్ అంటే విసరడం. వెడల్పుగా విసరడానికీ రేడియోకీ ఏమిటి సంబంధం?

ఈ మాట పుట్టింది స్టూడియోలో కాదు, పొలంలో. కృష్ణా డెల్టాలో వరి కోతలకు కాస్త ముందు మినుములు చల్లడం చూశారా? ఒడిలోంచి పిడికెడు తీసి, అడుగు వేస్తూనే చెయ్యి పక్కకు విసురుతారు. వేళ్ల సందుల్లోంచి జారిన గింజలు వరి దుబ్బుల మధ్య రాలతాయి. ఏ గింజ ఎక్కడ పడిందో చల్లినవాళ్లకే తెలియదు. ఇలా చల్లడమే ఇంగ్లీషు రైతుల బ్రాడ్‌కాస్ట్. 18వ శతాబ్దానికే వాళ్ల సేద్యంలో ఆ మాట ఉంది. గొర్రు దారి వేరు. జడ్డిగంలో పోసిన గింజ గొట్టంలోంచి దిగి సాలులోనే పడుతుంది.

వైర్‌లెస్ కూడా మొదట్లో గొర్రులా పనిచేయాలనే అనుకున్నారు. మార్కోనీ నాటికి అది తీగ లేని టెలిగ్రాఫు. ఓడ నుంచి రేవుకు, ఒకరి నుంచి ఒకరికి కబురు. మధ్యలో ఎవరు పడితే వాళ్లు వినగలగడం పెద్ద లోపం! 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివింది. ఎవరి కోసమంటే, సెట్టు ఉన్నవాళ్లందరి కోసం. అలా లోపమే వరమైంది. ఆ కొత్త పనికి పేరు పొలంలో సిద్ధంగా ఉండనే ఉంది. 1922లో బీబీసీ పుట్టేసరికి సంస్థ పేరులోకే ఎక్కింది.

అచ్చం ఇలాంటి జంటమాట తెలుగులోనూ ఉంది: వెదజల్లు. వెద అంటే విత్తు. దానికి చల్లు చేరి, చకారం జకారమైంది. పువ్వు పరిమళం వెదజల్లుతుంది, రేడియో మాత్రం పాటలు ప్రసారం చేస్తుంది. ప్రసారం సంస్కృతం, అర్థం వ్యాపించడం. తప్పేం లేదు గానీ, అందులో చెయ్యీ లేదు, గింజా లేదు. నాకైతే వెదజల్లే ఇష్టం.

తర్వాత ఇంగ్లీషులో కాస్ట్ తోకలా మిగిలి టెలికాస్ట్ వచ్చింది. 2004లో బెన్ హామర్స్‌లీ గార్డియన్ పత్రికలో పాడ్‌కాస్టింగ్ అని రాశాడు. విచిత్రమేమిటంటే పాడ్‌కాస్ట్ చల్లేది కాదు, కావలసినవాళ్లు వచ్చి ఏరుకునేది. ఇంగ్లీషులో పాడ్ అంటే గింజలున్న కాయ కూడా. కానీ ఈ పాడ్ తోటలోది కాదు, యాపిల్ వాళ్ల ఐపాడ్‌ది.