ముఠాను ముంచిన ఫొటో

1900 నవంబర్. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ పట్టణం. కొత్త సూట్లు తొడిగి, గుండ్రటి టోపీలు పెట్టుకున్న ఐదుగురు ఓ స్టూడియోలో దర్జాగా ఫొటో దిగారు. చూసేవారికి వ్యాపారుల్లా కనిపించారు. నిజానికి వాళ్లు రైళ్లను, బ్యాంకులను కొల్లగొడుతున్న 'వైల్డ్ బంచ్' ముఠా. బుచ్ కాసిడీ, సన్‌డాన్స్ కిడ్, కిడ్ కర్రీ, విల్ కార్వర్, బెన్ కిల్‌పాట్రిక్. ఆ సరదాయే వారి కొంప ముంచింది. ఫొటో డిటెక్టివ్‌ల చేతికి చిక్కింది. పింకర్టన్ సంస్థ అందులోని ముఖాలను ప్రకటనలకెక్కించి ఊరూరా పంపింది.

అప్పటిదాకా ముఠాలకు అండ రెండే: దూరం, జనం. వయోమింగ్, యూటా కొండల్లోని స్థావరాలకు పోలీసులు చేరడమే గగనం. ఇక అక్కడి చిన్న రైతులకు దొంగలకన్నా పశువుల ఆసాములంటేనే భయం. 1892లో జాన్సన్ కౌంటీలో ఆ ఆసాములు చిన్న రైతులను చంపించడానికి టెక్సాస్ నుంచి కిరాయి తుపాకులను దించారు. ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. చట్టం ఎవరి పక్షమో తెలిశాక, దొంగకు ఓ పూట అన్నం పెట్టడం కొందరికి తప్పనిపించలేదు.

అలాగని వాళ్లు పేదల పాలిటి దేవుళ్లేమీ కాదు. 1899 జూన్‌లో విల్‌కాక్స్ దగ్గర యూనియన్ పసిఫిక్ రైలును ఆపి, డైనమైట్‌తో బోగీని పేల్చి దోచుకున్నారు. వెంటాడిన షెరీఫ్ జొసాయా హేజెన్ వారి తూటాలకు బలయ్యాడు.

కానీ కాలం మారిపోయింది. జనావాసాలకు సరిహద్దు రేఖ అంటూ ఇక లేదని 1890 జనగణనే తేల్చింది. గుర్రం కన్నా ముందే టెలిగ్రాం చేరుతోంది. రైల్వే కంపెనీ ఏకంగా గుర్రాలను, సాయుధులను రైల్లోనే ఎక్కించి వేటకు పంపింది. గుర్రాన్ని నమ్ముకున్న దొంగలు ఇక ఎంత దూరం పారిపోగలరు?

ఒక్కొక్కరి కథా ముగిసింది. 1901 ఏప్రిల్‌లో కార్వర్ కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది కిల్‌పాట్రిక్ జైలుకెళ్లాడు. పోలీసులు చుట్టుముట్టడంతో కర్రీ 1904లో తనను తాను కాల్చుకున్నాడు. కాసిడీ, సన్‌డాన్స్ 1901లోనే అర్జెంటీనాకు ఓడెక్కారు. 1908 నవంబర్‌లో బొలీవియాలోని సాన్ విసెంటేలో సైనికులతో జరిగిన కాల్పుల్లో మరణించారన్నది ఎక్కువమంది చరిత్రకారుల నమ్మకం. అయితే 1991లో అక్కడి సమాధి తవ్వి చూస్తే, బయటపడిన ఎముకల డీఎన్ఏ వారి బంధువులతో సరిపోలలేదు. బతికుండగా వారికి దాక్కునే చోటు లేకుండా చేసింది ఆ ఫొటో. చచ్చాక మాత్రం ఇద్దరూ ఎవరికీ దొరకలేదు.