టీం ఢిల్లీకి పోయింది, మరి కప్పు ఎవరిది?

"ఏమప్పా, మీ టీం ఢిల్లీకి పాయెనంట గదా?" 2025 అక్టోబర్ నుంచి హాస్టల్లో నన్ను చూసిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇదే. అవును, పోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ ఇప్పుడు ఆ పేరుతో లేదు. ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఇల్లు ఖాళీ చేసినట్టు ఊరు ఎట్లా మారుతుంది, మారితే దాని చరిత్ర ఎవరికి చెందుతుంది అనేది క్రికెట్ మాత్రమే చూసే మన క్లాస్ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఇంకో డౌట్ తీర్చాలి. కర్నూలోడికి హైదరాబాద్ టీం ఎట్లా సొంతం అవుతుంది? తుంగభద్ర బ్రిడ్జి దాటితే తెలంగాణ, అది వేరే రాష్ట్రం కదా అంటారు. మాకు దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు అదే. దాదాపు 210 కిలోమీటర్లు, తెల్లారి బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటాం. అయినా ఊరు మారిపోవడం కర్నూలుకు కొత్త కాదు. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని మాదే. తర్వాత అది హైదరాబాద్‌కు పోయింది. కాబట్టి మాకు కొంచెం ప్రాక్టీస్ ఉంది.

మా జేజినాయన అరవైల్లో హైదరాబాద్‌లో చదువుకున్నాడు. ఆయనకు ఎఫ్‌సీ గిఫ్‌సీ తెలీదు. ఆయన టీం పోలీసోళ్ళ టీం. "లాఠీ లేకుండానే కొట్టేవాళ్ళురా" అనేవాడు. చిన్నప్పుడు ఏదో జోక్ అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, ఆయన తక్కువే చెప్పాడని.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. మళ్ళీ 1954లో, 1957లో అదే కప్పు. రాష్ట్రం మారాక పేరు ఆంధ్రా పోలీస్ అయింది, 1961లో ఇంకోసారి గెలిచింది. అప్పుడు ఇండియాలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునేవాళ్ళు. ఆ కలకత్తా క్లబ్బులకు మన పోలీసులు నిద్ర లేకుండా చేశారు.

దీని వెనకాల ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా (2024) చూసినవాళ్ళకు పేరు తెలిసే ఉంటుంది. వృత్తికి స్కూల్ టీచర్. నాకు బాగా నచ్చేది ఆయన ట్రైనింగ్ పద్ధతి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు అనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవాడు. అంటే బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చెయ్యాలి, ఒక్కడే తిప్పుకుంటూ పోయి హీరో అవ్వడానికి లేదు. ఇంకో టోర్నమెంట్‌లో బలం తక్కువున్న కాలితోనే ఆడాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తన్నాలి. మన భాషలో చెప్పాలంటే కన్‌స్ట్రెయింట్ పెట్టి ప్రాబ్లం ఇవ్వడం. అలవాటైన దారి మూసేస్తే బుర్ర కొత్త దారి వెతుక్కుంటుంది. ఆయన శిక్షణలోనే ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ సిటీ పోలీస్ వాళ్ళే. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. ఆ రోజుల్లోనే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లో వరుసగా గెలిచింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ క్లబ్‌ను ఎవరూ కొనలేరు. ఆటగాళ్ళకు జీతం పోలీస్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, పొద్దున ప్రాక్టీస్, తర్వాత డ్యూటీ. ఊరి పోలీసును ఇంకో ఊరికి అమ్మడం కుదరదు కదా. అలాగని అది చావులేనిది కూడా కాదు. రహీం సాబ్ 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. బలరాం అప్పటికే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు, తర్వాత మహమ్మద్ హబీబ్ లాంటివాళ్ళు కూడా పేరు తెచ్చుకున్నది కలకత్తాలోనే. ఆటగాళ్ళు ఒక్కొక్కరే పోయారు. క్లబ్ మాత్రం ఉన్నచోటే ఉండి మెల్లగా చిక్కిపోయింది.

ఇప్పుడు నా క్లబ్. ఇది పుట్టడమే వేరేలా పుట్టింది. ఇండియన్ సూపర్ లీగ్ ఫ్రాంచైజీ లీగ్. కింది డివిజన్ నుంచి గెలుచుకుంటూ పైకి రావడం అనే పాత పద్ధతి మీద కట్టింది కాదు. లీగ్‌లో ఒక సీటు ఉంటుంది, దాన్ని కంపెనీ తీసుకుంటుంది. ఊరి పేరు ఆ సీటుకు అతికించిన స్టిక్కర్ లాంటిది. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది. ఆ సీటులోకి వచ్చిందే హైదరాబాద్ ఎఫ్‌సీ. ఏడో క్లాసులో నేను సంబరపడుతుంటే, పుణెలో 'ఆరెంజ్ ఆర్మీ' అని పిలుచుకునే ఫ్యాన్స్‌కు టీం లేకుండా పోయింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు మారి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే 2019లో టీం పోగొట్టుకున్న ఢిల్లీ వాళ్ళకు 2025లో వచ్చింది మాది. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

మధ్యలో ఒక అద్భుతం జరిగింది. 2021-22 సీజన్. కరోనా వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు. అంటే మేం ఛాంపియన్లం అయిన సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు! అంతా ఫోన్‌లోనే చూశాం, కర్నూలోళ్ళకూ హైదరాబాదోళ్ళకూ తేడా లేకుండా. కోచ్ మనోలో మార్క్వెజ్, ముందు వరసలో ఒగ్బెచే. ఆ ఏడాది ఆయన కొట్టినవి 18 గోల్స్.

ఫైనల్ 2022 మార్చి 20న ఫతోర్దా స్టేడియంలో, కేరళ బ్లాస్టర్స్‌తో. ఫ్యాన్స్‌ను లోపలికి వదిలారు, స్టేడియం అంతా కేరళ వాళ్ళే. వాళ్ళదీ పసుపే, మనదీ పసుపే. కానీ పేపర్ మీద హోమ్ టీం మనది కాబట్టి మైదానంలో పసుపు జెర్సీ మనకే దక్కింది. గ్యాలరీ మొత్తం పసుపు, వాళ్ళ టీం మాత్రం నలుపులో. 68వ నిమిషంలో రాహుల్ గోల్ కొట్టగానే ఫోన్ బోర్లా పెట్టేశాను. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి ఒకటి తన్నాడు చూడండి, ఇప్పటికీ నెలకోసారి ఆ వీడియో చూస్తాను. 1-1. తర్వాత షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు మనది.

పతనం గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం. తర్వాతి సీజన్‌కు బకాయిలు, కొత్త ఆటగాళ్ళను రిజిస్టర్ చెయ్యకుండా ఫిఫా నిషేధం, సగం జట్టు ఖాళీ. 2023-24లో మొత్తం సీజన్‌కు ఒక్కటే గెలుపు, అట్టడుగు స్థానం. 2024లో యజమానులు మారారు. 2025లో ఊరే మారింది.

సరే, మరి 2022 కప్పు ఎవరిది? ఈ గొడవకు ఇంగ్లండ్‌లో ఒక పాత కేసు ఉంది. వింబుల్డన్ ఎఫ్‌సీ అని లండన్ క్లబ్, 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచింది. 2003లో యజమానులు దాన్ని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తీసుకుపోయారు, పేరు ఎంకే డాన్స్ అయింది. ఫ్యాన్స్ ఊరుకోలేదు. తరలింపుకు అనుమతి వచ్చిన 2002లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని తొమ్మిదో స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టారు. ఇది అచ్చం గిట్‌హబ్ కథే. ఓనర్ రిపోను ఇంకో అకౌంట్‌కు ట్రాన్స్‌ఫర్ చేసేశాడు, కాంట్రిబ్యూటర్లు ఫోర్క్ చేసుకున్నారు. ఆ ఫోర్క్ 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌లోకి వచ్చింది. ఇంకా గొప్ప సంగతి, 2007లో ఎంకే డాన్స్ పాత వింబుల్డన్ ట్రోఫీలను ఆ క్లబ్ పుట్టిన ప్రాంతపు కౌన్సిల్‌కే తిరిగి ఇచ్చేసింది. అంటే సీటు కంపెనీది, కప్పులు ఊరివి.

నా ఓటు దానికే. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ బాగా ఆడాలి, ఆ ఆటగాళ్ళకు నెలనెలా జీతం అందాలి. కానీ ఫతోర్దాలో గెలిచిన కప్పు మాత్రం హైదరాబాద్‌లో, సిటీ పోలీస్ రోవర్స్ కప్పుల పక్కన ఉండాలి. మనం ఫోర్క్ చెయ్యగలమా అంటే, వింబుల్డన్ వాళ్ళ దగ్గర తరతరాలుగా స్టేడియంకు పోయిన అలవాటు ఉంది. మా దగ్గర ఆరేళ్ళ అలవాటు, అందులో రెండేళ్ళు ఫోన్‌లోనే. ప్రస్తుతానికి ఐ-లీగ్‌లో వరుసగా రెండు సీజన్లు, 2022-23, 2023-24లో రన్నరప్‌గా నిలిచిన శ్రీనిధి డెక్కన్ ఉంది. ఆ మ్యాచ్‌కు ఎవరైనా వస్తామంటే చెప్పండి, టికెట్లు నేను చూస్తాను, బస్ ఛార్జీ మాత్రం ఎవరిది వాళ్ళదే.