మూరిష్ ఐడల్ ఇంటి ట్యాంకులో బతుకుతుందా? అపోహలు – వాస్తవాలు

శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)‌లోని షాదీపూర్ వాసులకు సముద్రం పరాయిది కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చేపల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఉప్పునీటి అక్వేరియం మాట రాగానే పొరపాటు నమ్మకాలు బయటికొస్తాయి. వాటికి బలయ్యే చేపల్లో ముందు చెప్పవలసింది మూరిష్ ఐడల్. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపు మీది నుంచి వెనక్కి సాగిన తెల్లని పొడవాటి రెక్కతో అండమాన్ పగడపు దిబ్బల మీద తిరుగుతుంది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో అక్వేరియం నుంచి తప్పించుకోవాలని పథకాలు వేసే గిల్ ఈ జాతిదే.

అపోహ: సముద్రం పక్కనే ఉంది, నీళ్లు తెచ్చి పోస్తే చాలు.

వాస్తవం: రేవు దగ్గరి నీటిలో పడవల నూనె, ఊరి మురుగు కలుస్తాయి. అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వానల్లో ఒడ్డున పైనీటి ఉప్పదనం తగ్గిపోతుంది. ఈ చేపకు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మంచి నీరు దొరికినా వెంటనే చేపను వదలకూడదు. అది విసర్జించే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చాలి. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కనుక ఇక్కడ కొద్దిపాటి అమ్మోనియా అయినా ప్రాణం తీస్తుంది.

అపోహ: ట్యాంకులో నీళ్లు తగ్గితే మళ్లీ ఉప్పునీరే పోయాలి.

వాస్తవం: ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. తగ్గినంత మేర ఆర్‌ఓ నీళ్లు పోయాలి. ఎండాకాలంలో కుళాయి కోసం ఎదురుచూసే ఊళ్లో ఇదీ లెక్కలోకి తీసుకోవలసిన విషయమే.

అపోహ: మేత తింటోంది, ఇక భయం లేదు.

వాస్తవం: అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గొట్టంలాంటి దాని మూతి పగడాల సందుల్లోని స్పాంజీలను కొరుక్కు తినడానికి పనికొస్తుంది. నాచు కూడా తింటుంది కానీ స్పాంజీలే ముఖ్యాహారం. దిబ్బ మీద పగలంతా తిరుగుతూ కొంచెం కొంచెంగా మేస్తుంది. ట్యాంకులో పడ్డాక చాలా చేపలు మొదట ఏదీ ముట్టవు. కొన్ని రొయ్యల మేతకు అలవాటు పడతాయి, తెచ్చినవాళ్లు ఊరట పడతారు. కానీ ఆ మేత దానికి చాలదు. వీపు కండ సన్నబడుతుంది, కడుపు లోపలికి పోతుంది, రంగు మాత్రం చివరిదాకా బాగానే కనిపించవచ్చు. తింటూ తింటూనే కొన్ని నెలల్లో చిక్కి చచ్చిపోతుంది. జబ్బు చేసిందనుకుని కొందరు రాగి మందు వేస్తారు. ఆకలికి రాగి మందేం చేస్తుంది? ట్యాంకులో ఉన్న రొయ్యలు, నత్తలు కూడా దానివల్ల చస్తాయి. స్పాంజి కలిపిన మేతను రోజుకు పలుమార్లు పెడుతూ, 500 లీటర్లకు తగ్గని ట్యాంకులో ఏళ్ల తరబడి పెంచిన అనుభవజ్ఞులు లేకపోలేదు. మొదటిసారి ట్యాంకు పెట్టేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకూడదని గట్టిగా చెబుతాను.

అపోహ: ఒక్క చేప తెస్తే దిబ్బకేం నష్టం?

వాస్తవం: ఈ జాతి ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ ఆవలి ఒడ్డు దాకా ఉంది. ఒక చేప పోతే జాతి అంతరించదు, నిజమే. కానీ దానికి ఇల్లు కడదామని పగడపు ముక్కలు ఏరుకొచ్చేవాళ్లున్నారు. పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు, వాటిని తీయడం నేరం. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విపరీతంగా తెల్లబడ్డాయి. అలా దెబ్బతిన్న దిబ్బల మీద మన చెయ్యి కూడా పడాలా? వండూర్ దగ్గర 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో చేపను పట్టడమూ కుదరదు.

అపోహ: నలుపు, తెలుపు పట్టీలతో పొడవాటి రెక్క ఉంటే అది మూరిష్ ఐడలే.

వాస్తవం: తోక చూడండి. నల్లగా ఉంటే మూరిష్ ఐడల్, పసుపుగా ఉంటే బ్యానర్‌ఫిష్. నీటిలో తేలే సూక్ష్మజీవులను తినే బ్యానర్‌ఫిష్ ట్యాంకు మేతకు తేలిగ్గా అలవాటు పడుతుంది, అయితే దానికీ పెద్ద ట్యాంకే కావాలి. ఇంట్లో అంత చోటు లేకపోతే క్లౌన్ చేపల జంట మేలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాటిని హేచరీలో గుడ్ల నుంచి పెంచే పద్ధతులు రూపొందించింది. కొనేటప్పుడు హేచరీలో పుట్టిందా, దిబ్బ మీద పట్టిందా అని అడగండి.